మటన్ స్టూలో పోసిన టస్కనీ వైన్

మస్కట్‌ల ఒక హోటల్ రెస్టారెంట్‌ల వెయిటర్‌ని నేను. పుట్టి పెరిగింది హైదరాబాద్, కోపం ముక్కు మీదనే ఉంటది. వైన్ సెక్షన్‌కి ప్రమోషన్ కోసం ఏడాది ఎదురుచూసిన. ఒకరోజు మేనేజర్ ఇటలీ రెడ్ వైన్ బాటిళ్లు అప్పజెప్పి, "గ్రేడ్ చూసి సర్దు. కింది గ్రేడ్‌ది ఒకటి వంటకియ్యి. సరిగ్గ చేస్తే ఆ డ్యూటీ నీదే" అన్నడు.

ఫోన్ తీసిన. ఇటలీల ఒక్కో ప్రాంతానికి ఏ ద్రాక్షలు వాడాలో రూల్స్ ఉంటయంట. లేబుల్ మీద డీఓసీజీ అంటే పై గ్రేడ్, ఐజీటీ అంటే కింది గ్రేడ్. ఇంకేంది, అక్కడికే చదువుడు ఆపిన! టస్కనీ అనే ప్రాంతంది, ఐజీటీ అని రాసున్న బాటిల్ తీస్కపోయి కిచెన్‌ల ఇచ్చిన.

కరీంనగర్ శంకరన్న మా కుక్. "తమ్మీ, సీసా మస్తు బరువుంది, ఖరీదుదేమో. సార్‌ని ఒక్కసారి అడుగరాదు?" అన్నడు.

"నీకెందుకన్నా? వైన్ గురించి నీకెర్కనా, నాకెర్కనా? మటన్ స్టూల పోసెయ్!"

పోసిండు. పది నిమిషాలకు మేనేజర్ వచ్చి తల పట్టుకున్నడు. అందుల ఫ్రెంచ్ ద్రాక్షలు కలిపిన్రంట, ఆ ప్రాంతం రూల్‌కి సరిపడక కింది గ్రేడ్ ఇచ్చిన్రంట. కానీ మా దగ్గర అన్నిట్లకంటే ఖరీదైన వైన్ అదే! మళ్లా ఫోన్ చూస్తే, నేను ఆపిన కాడికి రెండు లైన్ల కింద అదే రాసుంది.

ప్రమోషన్ వేరేటోనికి పోయింది. మిగిలిన స్టూ స్టాఫ్‌కి పెట్టిన్రు. శంకరన్న నా ప్లేట్‌ల ఒక గరిటె ఎక్కువేసి, "తిను తమ్మీ, పైసలిచ్చినా దొరకదు" అన్నడు. అందరు నవ్విన్రు.

ఆ లేబుల్ మీద ఇప్పటికీ మండుతది. కానీ శంకరన్న అడుగుమన్నప్పుడు ఒక్క నిమిషం ఆగకపోతినే అని నా మీద నాకు ఇంకా ఎక్కువ మండుతది.