ఎండబెట్టిన శాంపిల్

2022 వర్షాకాలం. ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మాది నలుగురు మనుషుల డిజైన్ ఆఫీసు. ఫ్యాక్టరీల్లో ఖనిజం పొడిని నిల్వ చేసే హాపర్లు, దాన్ని కింద నుంచి కొలతగా లాగే ఫీడర్లు గీసి ఇస్తాం. హాపర్ అంటే పిండిమర పైన ధాన్యం పోసే గరాటు లాంటిదే, కాకపోతే రెండంతస్తుల ఎత్తు. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, నేను పెరిగింది అక్కడి రైల్వే ట్రాఫిక్ కాలనీలో. ఇనుమంటే నాకు భయం లేదు. తడిసిన ఇనుప ఖనిజమంటే మాత్రం ఆ ఏడాదే భయం పట్టుకుంది.

ఊరి బయట ఒక ఫ్యాక్టరీకి మేం గీసిచ్చిన హాపర్ వేసవంతా బ్రహ్మాండంగా నడిచింది. వానలు పడగానే మొరాయించింది. తడి పొడి ముద్దకట్టి, కింది నోటి మీద కమానులా నిలబడిపోయింది. దీన్ని ఆర్చింగ్ అంటాం. పైన టన్నుల సరుకు, కింద ఖాళీ. "దీదీ, మీ హాపర్‌కి మలబద్ధకం," అని మేనేజరు ఫోన్లో ఎత్తిపొడిచాడు.

నేను వెళ్లేసరికి ఆపరేటర్ సింహాచలం బాబాయ్ హాపర్ లోపల ఉన్నాడు. మా నాన్నతో కలిసి పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ చేరిన మనిషి. ఆ సరుకు మీదే నిలబడి గునపంతో పొడుస్తున్నాడు. కింద కమాను కూలితే మనిషి సరుకుతో పాటు కూరుకుపోతాడు. పైకి తీసేలోగా ఊపిరి ఉండదు.

"బాబాయ్! ముందు పైకి రా!"

"ఏటమ్మా అలగరుస్తావు? రోజూ దిగుతున్నదే కదా. రోట్లో తలెట్టి రోకటి పోటుకి జడిస్తే ఎలాగ?"

పైకి వచ్చాక, పెద్దవాడని కూడా చూడకుండా తిట్టాను. నవ్వుతూ విన్నాడు. రేపు మళ్లీ దిగుతాడని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. నా హాపర్ బాగుపడేదాకా ఆయన దిగుతూనే ఉంటాడు.

హాపర్ గీసేముందు లేబ్‌లో చేయించిన తేమ టెస్టు మళ్లీ చేయించాలి, ఒక బకెట్ శాంపిల్ కావాలన్నాను. బాబాయ్ తడి పొడి తెచ్చి, షెడ్డులో టార్పాలిన్ మీద పరిచి, ముద్దలు చిదపడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"ఆరబెడతన్నాను. లేబ్‌కెల్లే సరుకు కదా. పోయినేడు కూడా నానే ఎండబెట్టి, జల్లెడ పట్టి మరీ పంపినాను."

"ఎందుకూ?"

"ఎందుకేటి? పెళ్లిసూపులకి పిల్లని మసిసీరతో కూకోబెడతామేటి?"

కోపం రావాలి, రాలేదు. వర్క్‌షాపు మనుషులు ఇంతే. ఇన్‌స్పెక్షన్ ఉందంటే ముందురోజే మెషిన్లు తుడిచి మెరిపించేవారు, మా నాన్నతో సహా. సిగ్గు మాత్రం నాకే వేసింది. ఆరుబయట వానలో పడుండే సరుకుకి లేబ్ రిపోర్టులో తేమ అంత తక్కువెలా అని నేను ఒక్కసారీ అడగలేదు. మంచి అంకె వచ్చిందని సంబరపడి, దాంతోనే హాపర్ గీసేశాను.

మేనేజరుతో, "తప్పు నాది. శాంపిల్ గురించి నేనే అడగలేదు. కొత్త హాపర్ బిగించేదాకా లోపలికి మనిషిని దింపొద్దు, పైమూతకి తాళం వేయండి," అన్నాను. గొణిగి, గొణిగి, చివరికి "ఠీక్ హై" అన్నాడు.

తడి సరుకునే డబ్బాలో నింపి, మూత బిగించి లేబ్‌కి పంపాం. వచ్చిన అంకెలతో గోడలు మరింత నిటారుగా గీశాను. లోపల నున్నటి స్టీలు రేకు తొడిగించాం, దాన్ని లైనర్ అంటారు. చిన్న చదరపు నోటికి బదులు పొడవాటి నోరు పెట్టి, కింద బెల్ట్ ఫీడర్ అమర్చాం. బెల్ట్ పోయే వైపుకి ఆ నోరు కొంచెం కొంచెంగా వెడల్పవుతుంది. లేకపోతే బెల్ట్ వెనక మూల నుంచే లాగుతుంది, మిగతాది కదలక మళ్లీ గట్టిపడుతుంది. అప్పటి నుంచి ఏ శాంపిల్ వచ్చినా రిపోర్టు తెరిచేముందు, దాన్ని డబ్బాలో నింపిన మనిషితో మాట్లాడతాను.

మరుసటి ఏడాది జోరువానలో వెళ్లాను. తడి పొడి బెల్ట్ మీదికి బుద్ధిగా దిగుతోంది. బాబాయ్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏం బాబాయ్, ఖాళీయా?"

"పనేటుందమ్మా? అదే దిగిపోతంది. మీ పిన్నికి సెప్తే నమ్మట్లేదు. వానొస్తే సాలు, నానింటికొచ్చేదాకా గుమ్మంలోనే కూకుంటది. నువ్వే సెప్పు," అంటూ ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"బాబాయ్ ఇంక లోపలికి దిగక్కర్లేదు పిన్నీ. నేనే చూస్తున్నాను," అన్నాను.

అవతల నుంచి పిన్ని, "అయితే నాను తలుపేసుకుని కాసేపు తొంగుంటానమ్మా," అంది.