బ్రేకుల్లేని పడవ

మా మేనత్త కారు నడపడం నేర్పుతుంది. ఇరవై మూడేళ్ళుగా అదే పని. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదుటివాళ్ళు తొక్కాల్సిన బ్రేకును వాళ్ళకంటే అరక్షణం ముందు తొక్కడమే ఆవిడ వృత్తి. దాంతో కుడికాలికి అదే అలవాటైపోయింది. బస్సులో కూర్చున్నా తొక్కుతుంది, టీవీలో కారు మలుపు తిరిగినా తొక్కుతుంది. ఒకసారి భోజనాల దగ్గర మా నాన్న కోపంలో మాట జారబోతుంటే బల్ల కింద ఆయన పాదం తొక్కింది. అది అలవాటో, అక్కగా చేసిన హెచ్చరికో ఇప్పటికీ తేలలేదు. శిష్యులంతా చాటుగా ఆవిడను బ్రేకమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

మామయ్య దర్జీ. ఇంటి ముందు గదే దుకాణం. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మనిషి ఎంత నిశ్శబ్దంగా ఉంటాడో, ఆయన రోజంతా అంత నిశ్శబ్దంగా ఉంటాడు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, కదిలేదేదీ ఒంటికి పడదు. పిల్లలు ఊయల ఊగుతుంటే ముఖం తిప్పుకుంటాడు. భార్య సగం ఊరికి కారు నేర్పినా ఆయన మాత్రం ఎక్కడికైనా నడిచే వెళ్తాడు.

ఇలాంటి ఇంట్లోకి ఒక పత్రిక వచ్చి పడింది. కారు నేర్చుకుంటున్న కళ్ళ డాక్టరు ఒకాయన దాన్ని వెనకసీట్లో మరిచిపోయాడు. నిగనిగలాడే కాగితం మీద నీలంగా సముద్రం, దూరంగా దీవులు, మధ్యలో తెల్లటి తెరచాప ఎత్తిన చిన్న పడవ. విదేశంలో ఏడు రోజులు, దీవి నుంచి దీవికి. కింద పెద్ద అక్షరాల్లో ‘పడవను మీరే నడుపుకోవచ్చు’ అని ఉంది.

అత్త ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆవిడ నడిపేవాళ్ళ పక్కనే కూర్చుంది కానీ, తనకోసం తాను ఎక్కడికీ నడుపుకుంటూ వెళ్ళింది లేదు. డాక్టరు పత్రిక ఆయనకు తిరిగి ఇచ్చేసి, అలాంటిదే ఇంకోటి కొనుక్కుంది.

ఆ ఆదివారం మేమంతా వాళ్ళింట్లో భోజనం చేస్తున్నప్పుడు సంగతి బయటపెట్టింది.

“ఏమండీ, వచ్చే ఏడాది కాక ఆపై ఏడాది మనం తెరచాప పడవలో సెలవులకు వెళ్తున్నాం.”

మామయ్య ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. “ఏమే, నాకు కుర్చీ కాస్త ఊగితేనే కడుపులో తిప్పుతుంది కదా.”

“అందుకే రెండేళ్ళు టైమిచ్చాను. ఈలోగా అలవాటు చేసుకుందురుగాని.”

“నీకు ఈత రాదు.”

“నేర్చుకుంటా.”

“పడవ నడపడం?”

“అదీ నేర్చుకుంటా. ఇంతమందికి నేర్పినదాన్ని, నాకు నేను నేర్పుకోలేనా?”

“ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అని ఊరికే అనలేదు పెద్దలు,” అన్నాడు మామయ్య. ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే. తర్వాత పెరుగు కలుపుకున్నాడు.

మర్నాటికల్లా వంటింటి గోడ మీద పాఠాల పట్టిక వెలిసింది. మొదటి నెల ముడులు. రెండో నెల ఇరుకు గదిలో కాపురం. మూడో నెల నీళ్ళ పొదుపు. నాలుగో నెల ఈత. కారు నేర్పే పట్టికలాగే దీనికీ చివర ‘సొంతంగా నడపడం’ అన్న గడి ఉంది. దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసింది.

ముడుల నెలలో ఆ ఇంట్లో కట్టకుండా మిగిలిన వస్తువు లేదు. కుర్చీలు, గొడుగులు, తలుపు గొళ్ళెం, మామయ్య టేపు, అన్నీ ముడిపడ్డాయి. మా అమ్మ ఒకరోజు పలకరించడానికి వెళ్ళి, తిరిగి బయల్దేరబోతే ఆవిడ చేతిసంచీ బల్ల కాలికి కట్టేసి ఉంది. మా అమ్మ లాగింది, మామయ్య లాగాడు, కట్టిన అత్త కూడా లాగింది. ముడి ఊడలేదు.

“ముడి వెయ్యడం బాగానే నేర్చుకున్నావు వదినా, విప్పడం ఏ నెలలో ఉంది?” అంది అమ్మ.

అత్త పట్టిక వంక చూసింది. అందులో విప్పడం లేదు. మామయ్య పెద్ద కత్తెర తెచ్చి తాడు కత్తిరించాడు.

రెండో నెలలో కొట్టుగది కొలిచింది. పడవలో పడుకునే చోటుకు సరిగ్గా సరిపోయిందట. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరూ అందులో దూరి పడుకునేవాళ్ళు. ఒకరు పక్కకు తిరగాలంటే రెండోవాళ్ళు లేచి బయట నిలబడాలి. మూడో నెలలో ఇద్దరికీ కలిపి రోజుకు ఒక బకెట్ నీళ్ళు. మామయ్య ఒక చెంప గీసుకునేసరికి ఆయన వాటా అయిపోయింది. రెండో చెంప గడ్డంతోనే దుకాణంలో కూర్చున్నాడు. చొక్కా కొలత ఇవ్వడానికి వచ్చినాయన ఆ ముఖం చూసి, “నా చొక్కాకి రెండు చేతులూ కుడతారు కదండీ?” అని అడిగి మరీ వెళ్ళాడు.

ఈత దగ్గర మాత్రం అత్తకు గట్టి దెబ్బే తగిలింది. కొలను దగ్గర నేర్పే ఆవిడ ఈలతో నిలబడి నవ్వింది.

“మేడమ్, గుర్తుపట్టారా? మీ దగ్గర నాలుగు నెలలు నేర్చుకున్నాను.”

అత్త తేరిపార చూసింది. “ఎంత చెప్పినా క్లచ్ మీంచి కాలు తియ్యని అమ్మాయివి కదూ?”

“నేనే మేడమ్. ఇప్పుడు మీరు గట్టు మీంచి చెయ్యి తియ్యండి.”

అత్త తియ్యలేదు. ముప్పావుగంట సేపు ఆ గట్టును కరుచుకునే ఉంది. మేడమ్ అంటూనే ఆ అమ్మాయి, ఒకప్పుడు అత్త తన మీద అరిచిన అరుపులన్నీ ఒక్కటీ వదలకుండా తిరిగి అప్పజెప్పింది. “రోడ్డు చూడండి” అన్నచోట “నీళ్ళు చూడండి” అంది, అంతే తేడా. ఇంటికొచ్చాక ఎలా జరిగిందని మామయ్య అడిగితే అత్త నీళ్ళు నమిలింది. అప్పటికి కొలనులో ఎన్ని మింగిందో లెక్కలేదు.

మర్నాడు కారులో, స్టీరింగ్ పట్టుకుని వణుకుతున్న ఒక కొత్తమ్మాయితో అత్త మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడింది. “భయంగా ఉందా అమ్మా? ఉంటుంది. నాకూ ఉంటుంది.” గురువుకే భయమని విన్న ఆ పిల్ల కారు ఆపి దిగిపోయింది. రెండు వీధుల అవతల అత్త దాన్ని పట్టుకుని వెనక్కి తెచ్చింది.

అయినా పట్టు వదలలేదు. ఏడో వారానికి గట్టు వదిలింది. మూడు నెలలకు కొలను ఈ చివర నుంచి ఆ చివరకు, మధ్యలో ఆగకుండా, మొహం చిట్లించుకునే అయినా, చేరింది.

ఊరి బయట చెరువులో తెరచాప పడవలు నేర్పే చోటు ఒకటుంది. నేర్పేది ఓడల్లో పనిచేసి వచ్చిన ముసలాయన, అందరూ సరంగు అంటారు. మొదటి పాఠానికి నన్నూ తోడు రమ్మన్నారు. మామయ్య వాంతులు రాకుండా మాత్రలు రెండు వేసుకుని, జేబులో నిమ్మకాయ, చేతిలో ప్లాస్టిక్ సంచీతో వచ్చాడు. లైఫ్ జాకెట్ ఇస్తే తొడుక్కోకుండా తిరగేసి, కుట్టు గోటితో గీకి చూశాడు.

“ఇది మనుషుల్ని తేలుస్తుందాండీ?”

“ఇన్నేళ్ళుగా తేలుస్తోంది,” అన్నాడు సరంగు.

“భుజం దగ్గర ఇంకో వరస కుట్టుంటే బాగుండేది,” అంటూ తొడుక్కున్నాడు.

పడవ కదిలింది. అత్త చేతికి చుక్కాని పిడి ఇచ్చారు. పిడిని ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుందని సరంగు చెప్పాడు. ఇరవై మూడేళ్ళుగా కుడి అంటే కుడే అని నేర్పిన మనిషికి ఆ మాట గుండెల్లో గునపంలా దిగింది. కుడికి తిప్పమంటే ఎడమకి తిప్పింది. పడవ ఒరిగింది. వెంటనే కుడికాలితో బలంగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు, సరంగు బూటు ఉంది.

“ఆగడం ఎలా? ముందు ఆగడం చెప్పండి!” అని అరిచింది అత్త.

“తెరచాప తాడు వదిలెయ్యండి. అదే ఆగుతుంది,” అన్నాడు సరంగు, కాలు పట్టుకుని.

“వదిలేస్తే ఆగుతుందా? ఇదెక్కడి న్యాయం!”

నేను గట్టు మీంచి చూస్తూనే ఉన్నాను, వాళ్ళ మాటలు నీళ్ళ మీదుగా వినిపిస్తూనే ఉన్నాయి. మామయ్య మాత్రం తల పైకెత్తి తెరచాప వైపే చూస్తున్నాడు. సంచీ ఒళ్ళో మడిచి పెట్టుకుని ఉంది.

“ఆ ముందంచు రెపరెపలాడుతోంది. గుడ్డ వదులుగా ఉంది, తాడు కాస్త లాగు,” అన్నాడు. అత్త లాగింది. తెరచాప ఇస్త్రీ చేసినట్టు సాపుగా నిలబడింది. పడవ రివ్వున సాగింది. “ఇప్పుడు మరీ బిగుసుకుంది, బెత్తెడు వదులు.”

సరంగు బూటు సంగతి మరిచిపోయాడు. “సార్, ఎన్నేళ్ళుగా నడుపుతున్నారు?”

“చొక్కాలు కుడుతున్నానండీ. ముప్పై ఏళ్ళ నుంచి.”

ఎవరి డ్రైవింగుకూ చలించని మా అత్త కడుపు ఆ రోజు చెరువు మధ్యలో తిరగబడింది. మామయ్య మడిచిన సంచీ విప్పి భార్యకు అందించాడు, నిమ్మకాయ కొరికి సగం ఆవిడ చేతిలో పెట్టాడు. ఎక్కడికైనా నడిచే వెళ్ళే మామయ్య తిరుగుదారిలో ఆవిడ పక్కన కారెక్కాడు. ఇంటి దగ్గర ఇంజను ఆపాక అత్త అంది, “అయితే మీరే నడపండి. నేను సంచీ పట్టుకుంటా.”

“నాకు చుక్కాని ఎందుకే? నేను గుడ్డ చూసుకుంటా, నువ్వు దారి చూసుకో. ఒక్కటే, అరవకు.”

“అరవను,” అని అరిచింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళారు. సరంగు ఇనుప ముక్కున్న బూట్లు కొనుక్కున్నాడు. ఆరో ఆదివారానికి అత్త కడుపు కుదుటపడింది, పదో ఆదివారానికి ఎడమ కుడి అయింది. పాస్‌పోర్టులొచ్చాయి. విదేశంలో పడవ కూడా మాట్లాడుకున్నారు. వచ్చే వసంతంలో ప్రయాణం.

మొన్న ఆదివారం సరంగు మొదటిసారి వాళ్ళిద్దరినే పంపించి నాతోపాటు గట్టు మీద నిలబడ్డాడు. చక్కగా వెళ్ళారు, చక్కగా మలుపు తిరిగారు. సరిగ్గా చెరువు నడిమధ్యలో గాలి పడిపోయింది. తెరచాప వేలాడిపోయింది. గంట గడిచింది. ఇద్దరూ ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకుని తిన్నారు, ఫ్లాస్కులో టీ తాగారు. మామయ్య ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతూ, ఆపకుండా. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. అత్త చుక్కాని మీద మోచెయ్యి ఆన్చి వింటోంది.

సరంగు చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేకేశాడు. “మేడమ్! మోటారు పడవ పంపించమంటారా?”

“వద్దులెండి!” అని అత్త గొంతు నీళ్ళ మీదుగా వచ్చింది. “గాలి వచ్చినప్పుడే వస్తాం!”