పదిహేడు వైర్లు, ఒక పొగాకు కర్ర

2001 మార్చిలో ఒక ఆదివారం ఉదయం, పర్చూరు దగ్గర మా పెదనాన్న వాళ్ల షెడ్డులో ఉన్నవి: అరవైల నాటి అంబాసిడర్ కారు, దానికి కొత్త డ్యాష్‌బోర్డుగా వడ్రంగి కోసిచ్చిన టేకు పలక, స్క్రూడ్రైవర్లు రెండు, స్పానర్ల సెట్టు, నా మల్టీమీటరు, నా నోటుబుక్కు, పురికొస ఉండ ఒకటి. ఉన్నవాళ్లు: పెదనాన్న, పెద్దమ్మ, పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉన్న నేను.

పాత డ్యాష్‌బోర్డును చెదలు తినేశాయి. మీటర్లు చెక్కలోంచి ఊడి వేలాడేవి. ఒకరోజు వైర్లు ఒకదానికొకటి తగిలి పొగ వచ్చేసరికి పెదనాన్న విసిగిపోయి, కారు ఇచ్చేస్తానని పాత ఇనుము కొనే అతనికి కబురు పెట్టాడు. అతను సోమవారం వస్తానన్నాడు. కానీ ఆ కారు నడిపేది పెద్దమ్మ. మిరప కోతల్లో కూలీలకు అన్నం క్యారేజీలు, నీళ్ల క్యాన్లు అందులోనే పొలానికి తీసుకెళ్లేది. పెదనాన్నకు మోపెడ్ తప్ప మరొకటి రాదు. ఒక్క ఆదివారం ఆగమని ఆమె గడువు అడిగి, నన్ను పిలిపించింది.

బ్యాటరీ కనెక్షన్ తీసేసి వైర్లు ఒక్కొక్కటే విప్పాను. పాతబడి అన్నీ ఒకే మట్టిరంగులోకి వచ్చాయి. అందుకని ప్రతి వైరుకూ నంబరు చీటీ అంటించి, ఏ నంబరు దేనిదో బుక్కులో రాసుకున్నాను. విప్పిన వైరు వేలాడకుండా పట్టుకోమని పెద్దమ్మకు ఇస్తే, ఆమె పట్టుకోలేదు. బ్యారన్‌లో పొగాకు ఆరబెట్టే కర్ర ఒకటి తెచ్చి, డ్యాష్‌బోర్డు తీసిన ఖాళీకి అడ్డంగా పెట్టి, పురికొసతో దానికి కట్టేసింది. పక్కకు సర్దుతోంది కాబోలు అనుకున్నాను.

మేమిద్దరం కాఫీకి లేచినప్పుడు పెదనాన్న సాయం చేశాడు. పత్తికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌ను ఖాళీ ట్యాంకుతో స్టార్ట్ చేసి, ఆ గాలితో లోపలి దుమ్మంతా ఊదేశాడు. ట్రాక్టరుకైనా ఇంట్లో ఫ్యానుకైనా దుమ్ము దులపడానికి ఆయన పద్ధతి అదే. దుమ్ముతో పాటు చీటీలూ ఎగిరిపోయాయి. మిగిలినవి నాలుగు.

నేను చక్రం పక్కన కూలబడ్డాను. పెదనాన్న తప్పు ఒప్పుకోలేదు గానీ, గొంతు తగ్గించి, ఇక ఇనుము అతనికే ఇచ్చేద్దామన్నాడు.

పెద్దమ్మ కర్ర చూపించింది. "చీటీలు పోతే పోయాయి. నువ్వు విప్పిన వరసలోనే కట్టాను. ఎడమకొకటి, కుడికొకటి. ఈ చివర నుంచి లెక్కపెట్టు."

"ఇన్నీ గుర్తుపెట్టుకుని కట్టావా పెద్దమ్మా?"

"గుర్తెందుకురా? కర్రకు పొగాకు కట్టేటప్పుడు గుర్తుపెట్టుకుంటామా? చేతికి వచ్చింది వచ్చినట్టు కట్టుకుపోవడమే."

లెక్కపెట్టాను. మిగిలిన నాలుగు చీటీల నంబర్లూ సరిగ్గా వాటి చోట్లలోనే ఉన్నాయి. స్ప్రేయర్ గాలికి ఒక్క ముడీ జారలేదు. పురికొస చివర పట్టి లాగితే మాత్రం పదిహేడో వైరు ముందు ఊడి వచ్చింది, తర్వాత పదహారు, తర్వాత పదిహేను. విప్పిన క్రమానికి తిరగేసి బిగించాలని మాకు క్లాసులో చెప్పారు. కర్ర ఆ క్రమం తనే ఇస్తోంటే నేను చేయాల్సిందల్లా కొస లాగడం, బుక్కు చూడడం, బిగించడం. అయినా నమ్మకం చాలక ప్రతి వైరునూ మల్టీమీటరుతో పరీక్షించాను. ఒక్కటీ తప్పు లేదు. అంత మంచి వైరింగ్ డయాగ్రాం నేను ఆ తర్వాత చదువులోనూ చూడలేదు, ఉద్యోగంలోనూ చూడలేదు.

సాయంత్రం ఆమె తాళం తిప్పింది. కొత్త టేకు పలకలో మీటర్ల లైట్లన్నీ వెలిగాయి. పెదనాన్న స్ప్రేయర్ తీసుకెళ్లి లోపల పెట్టాడు.

సోమవారం ఇనుము అతను వచ్చేసరికి షెడ్డులో కారు లేదు. పెద్దమ్మ క్యారేజీలతో పొలానికి వెళ్లింది. ఇంత దూరం వచ్చినందుకు పెదనాన్న అతనికి మజ్జిగ ఇచ్చి, పాత డ్యాష్‌బోర్డు నుంచి తీసిన తుప్పు స్క్రూలు కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. కారు కోసం వచ్చిన అతనికి దక్కిన ఇనుము ఇరవై రెండు స్క్రూలు.