దిగిపోయిన పెద్ద భుజం

ఈ ప్రయాణం మా కాలేజీ స్టాఫ్ రూములో మొదలైంది. ఫ్రాన్సు చరిత్ర పాఠం చెప్పి వచ్చి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ విసుక్కుంటున్నాను. మొదట రాజు, తర్వాత గణతంత్రం, తర్వాత చక్రవర్తి, మళ్లీ రాజులు, మళ్లీ గణతంత్రం, మళ్లీ చక్రవర్తి, మళ్లీ గణతంత్రం. ఎన్నేళ్లు చెప్పినా పిల్లలు ఈ వరుసని తలకిందులుగానే రాస్తారు. మా లైబ్రరీలో పనిచేసే నూకరాజు అక్కడే ఏవో పుస్తకాలు సర్దుతున్నాడు. "దానికంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు మేడమ్? మా ఊళ్లోనూ అంతే. కొన్నాళ్లు వంశం, కొన్నాళ్లు ఎన్నిక. ఈ ఏడు మళ్లీ మారేలా ఉంది, వచ్చి చూడండి," అన్నాడు.

నూకరాజుది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో, వజ్రపుకొత్తూరుకీ భావనపాడుకీ నడుమ, చేపలవేట మీద బతికే చిన్న ఊరు. అక్కడ సర్పంచి వేరు, ఊరిపెద్ద వేరు. రోడ్లు, పింఛన్లు సర్పంచివి. సముద్రం ఊరిపెద్దది. పడవలు ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఆయనే. వేసవి వేట నిషేధం ముగిసే ముందు రోజు ఊరంతా ఒడ్డున చేరి, ఉన్న పెద్దని ఉంచాలా మార్చాలా తేల్చుకుంటారట. ఆ రోజుకి నా వేసవి సెలవులు ఇంకా మిగిలే ఉంటాయి. నూకరాజు ముందుగా వెళ్లాడు, నేను ఆ రోజుకి అందేలా బయల్దేరాను.

విశాఖపట్నంలో పొద్దున్నే పలాస పాసింజరు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చోవాలనుకునేవాళ్లు అరగంట ముందే స్టేషన్‌కి చేరడం మంచిది. నేను అలా చేరలేదు కాబట్టి విజయనగరం దాకా నిలబడే ఉన్నాను. ఇడ్లీ పొట్లం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైన కడ్డీ పట్టుకుని తినడం ఒక విద్య. నాకది రాదని చీర మీద చట్నీ చూసినవాళ్లందరికీ తెలిసింది.

శ్రీకాకుళం రోడ్డు దాటాక ఎదుటి సీట్లోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనట, ఆ జిడ్డు ఎంత తోమినా వదలదట. ఎక్కడికని అడిగి, ఊరు పేరు వినగానే నవ్వింది.

"ఓలమ్మ, ఆ ఊరా! ఆల్లకి పట్టింపు ఎక్కువ తల్లీ. దిగిపోయిన పెద్ద వచ్చి కొత్త పెద్ద పడవకి బుజం ఎట్టాల. ఎట్టకపోతే ఒక్క పడవా నీల్లలోకి దిగదు."

"పెట్టకపోవడం ఎప్పుడైనా జరిగిందా?"

"జరిగిందనే సెప్తారు. ఆ ఊరికే ఎల్తన్నావు గదా, ఆల్లనే అడుగు." ఇంతలో మూటలోంచి గుప్పెడు జీడిపప్పు ముక్కలు తీసి నా చేతిలో పోసింది. వద్దన్నా వినలేదు.

పదకొండు దాటాక పలాసలో దిగాను. నూకరాజు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. కాశీబుగ్గలో భోజనం చేసి బస్సెక్కాం. రాత్రి బస చేయాలంటే లాడ్జీలన్నీ ఇక్కడే ఉన్నాయి, తీరంలో దొరకవు. నా బస మాత్రం నూకరాజు ఇంట్లోనే. తాగే నీళ్లు కూడా వెంట తీసుకెళ్లాలి. ఉద్దానంలో ఏ ఇంటికి వెళ్లినా ముందు కొనుక్కున్న డబ్బా నీళ్లా, బోరు నీళ్లా అని అడిగి తెలుసుకునే అలవాటుంది, కిడ్నీల జబ్బు చూడని ఇల్లు తక్కువ. ఈ మాట ఒక్కటి పక్కన పెడితే ఆ దారి ఎంత బాగుందని! కొబ్బరి, జీడి, పనస ఒకదాని మీద ఒకటి వాలి, బస్సు కిటికీలోకి కొమ్మలు చాస్తున్నాయి. సముద్రం కనపడకముందే దాని వాసన తెలిసింది.

నూకరాజు తల్లి నరసమ్మగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. అరవై దాటిన మనిషి, నిటారుగా నడుస్తారు. నన్ను చూసిన క్షణం నుంచి "పంతులమ్మా" అనే పిలిచారు. డబ్బా నీళ్లిచ్చి, చాప వేసి, మొహమాటం లేకుండా విషయంలోకి వచ్చారు. ఇప్పుడున్న ఊరిపెద్ద దానయ్య ఆవిడ సొంత అన్న.

"మాది పెద్దింటి వంశం. తాత ముత్తాతల నుంచీ మా ఇంటోల్లే పెద్దలు. మా అయ్య దగ్గరొచ్చి తెగింది," అన్నారు. "ఆకాశం బాగోనప్పుడు ఎల్లమన్నాడు. పడవలు ఇరిగిపోనాయి. మనుసులు ఈదుకుని ఒడ్డుకొచ్చీసినారు గానీ, ఊరు ఊరుకుంటాదేటి? దించీసినారు. పోలయ్యని ఎన్నుకున్నారు."

పోలయ్య మంచివాడే. కానీ ఏది చెయ్యాలన్నా అందరినీ అడిగేవాడు. అందరూ చెప్పేసరికి పొద్దెక్కేది, పక్క ఊరి పడవలు చేపలతో వచ్చేసేవి. ఆయన పోయాక ఊరు విసిగి, మళ్లీ పెద్దింటికే వచ్చి దానయ్యని కూర్చోబెట్టింది. దానయ్య చాలా ఏళ్లు బాగానే చేశాడు. కిందటేడు నిషేధం ముగిసిన మొదటి రోజునే ఆకాశం చూసి భయపడి పడవలు ఆపేశాడు. ఒకరోజు కాదు, వారం. తుఫాను రాలేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బుట్టలు నింపుకున్నారు.

"అయ్య పంపి తప్పు సేసినాడు, కొడుకు ఆపి తప్పు సేసినాడు," అన్నారావిడ.

రైల్లో విన్నది గుర్తొచ్చి, భుజం పెట్టకపోవడం గురించి అడిగాను. ఆవిడ చాప అంచు సర్దారు.

"అది మా అయ్యే. దించీసిన రోజు ఎవుల్తోనూ మాటాడనేదు. తెల్లారి, సుట్టాన్ని బస్సెక్కించి వత్తానని రోడ్డు మీదకెల్లినాడు. ఆ బస్సే ఎక్కీసినాడు. మరి రానేదు పంతులమ్మా. ఎక్కడ పోనాడో, ఎక్కడ సచ్చినాడో. పడవలు ఒడ్డునే ఉండిపోనాయి. పిల్లలు గంజికి ఏడ్తంటే సూడలేక మా అమ్మ ఎల్లి తన బుజం ఎట్టింది." గొంతు తగ్గించి అన్నారు: "మా అన్నది కూడా అయ్య మనసే. అదే నా బయం."

నాలుగింటికి ఒడ్డుకి వెళ్లాం. గంగమ్మ గుడి ముందు ఇసుకలో రెండు తాళ్లు పెట్టారు. ఒకటి ఉంచడానికి, ఒకటి మార్చడానికి. ప్రతి పడవవాళ్లూ తమ వలలోంచి ఒక బెండు విప్పి తెచ్చారు. వల నీటిలో మునిగిపోకుండా పైన తేలుతుందే, ఆ తెల్లటి బెండు. తమకి నచ్చిన తాడుకి దాన్ని గుచ్చాలి. చాటూ మాటూ లేదు, అందరి కళ్ల ముందే. మారిస్తే పెద్ద ఎవరన్నది ముందే అనుకున్నారు: ఎర్రన్న, దానయ్యతో కలిసి చాలా ఏళ్లు ఒకే వల లాగినవాడు. బెండ్లని లెక్కపెట్టరు. రెండు తాళ్లూ పక్కపక్కన ఇసుకలో చాపి, ఏ తాడు మీద బెండ్ల వరుస పొడుగుంటే అదే ఊరి మాట. దేశదేశాల ఎన్నికల గురించి పాఠాలు చెప్పిన దాన్ని, ఇంత శుభ్రమైన పద్ధతి ఎక్కడా వినలేదు.

నరసమ్మగారి భర్త గుజరాత్ రేవుల్లో పనికి వెళ్లాడు, కాబట్టి ఆ ఇంటి బెండు ఆవిడ చేతిలో ఉంది. తిన్నగా నడిచి వెళ్లి మార్చే తాడుకి గుచ్చారు. నేను ఆశ్చర్యంగా చూస్తే, "పెద్దగా తప్పు సేసినాడు. అన్నగా ఏ తప్పూ సెయ్యనేదు. నన్నడిగింది పెద్ద గురించి గదా?" అన్నారు. కళ్లు మాత్రం తుడుచుకున్నారు.

చివర్లో దానయ్య వచ్చాడు. బక్కపల్చటి మనిషి, భుజాన తుండు. రెండు తాళ్లనీ చూశాడు. మార్చే తాడు వరుసే పొడుగని అప్పటికే తెలిసిపోతోంది. అయినా తన బెండుని ఉంచే తాడుకి నింపాదిగా గుచ్చి, ముడి సరిచూసి, ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇద్దరు ముసలివాళ్లు రెండు తాళ్లనీ కలిపి ముడేశారు. గెలిచిన బెండ్లు, ఓడిన బెండ్లు ఒకే వరుసలో ఊరి కొత్త వలకి వెళ్తాయట. ఎందుకో చెప్పలేను గానీ, చప్పట్లు కొట్టాలనిపించింది.

ఆ సాయంత్రం నరసమ్మగారు అన్న ఇంటికి కూర పట్టుకెళ్లారు. తలుపు వేసుంది. కూర గుమ్మంలో పెట్టి వచ్చేశారు.

తెల్లారకముందే ఊరంతా ఒడ్డున ఉంది. ఎర్రన్న పడవకి పసుపు రాసి, ముందు కొబ్బరికాయ కొట్టారు. పడవకి రెండు పక్కలా మగవాళ్లు చేతులేసి నిలబడ్డారు. వెనక, సరిగ్గా మధ్యలో, ఒక మనిషికి చోటు వదిలారు. ఎర్రన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఊరివైపు చూస్తున్నాడు. తొయ్యమని అతను అనలేదు, ఎవరూ అడగలేదు. వెలుతురు వచ్చింది. దూరంగా పక్క ఊరి పడవల ఇంజన్ల చప్పుడు వినిపించింది. ఆడవాళ్లలో ఎవరో "పోనాడేమో" అన్నారు, ఇంకెవరో ఆవిడ నోరు మూయించారు.

నరసమ్మగారు కొంగు బిగించి ముందుకు నడిచారు. ఆ ఖాళీ చోట్లో నిలబడి, వంగి, పడవకి భుజం ఆనించారు. వాళ్లమ్మలాగే అని నాకు తెలుసు. ఊరికీ తెలుసు. ఎవరూ తలెత్తలేదు.

అప్పుడొచ్చాడు దానయ్య, కొబ్బరితోట లోంచి. ఒడ్డుకి రాగానే అలవాటు కొద్దీ ఆకాశం చూశాడు. పడవ పట్టుకున్నవాళ్లంతా, అలవాటు కొద్దీ, అతని మొహం చూశారు. ఎర్రన్న కూడా.

"బాగుంది," అన్నాడు దానయ్య. "ఎల్లొచ్చు. కానీ సెప్పాల్సింది నాను కాదు, నువ్వు."

తర్వాత చెల్లెలి పక్కకి వచ్చాడు. "ఒలే నరసీ, తప్పుకో. అమ్మ బుజం అరిగింది సాలదేటి?"

ఆవిడ తప్పుకోలేదు. దానయ్య తుండు మడిచి భుజాన వేసుకుని, ఆవిడ పక్కనే భుజం పెట్టాడు. నీళ్లలోంచి ఎర్రన్న గట్టిగా కేకేశాడు. పడవ ఇసుక మీద జారి అలని ఎక్కింది. ఆ వెనకే మిగతా పడవలన్నీ. నేను చెప్పులు వదిలేసి నీళ్లలోకి పరిగెత్తాను, చీర మోకాళ్ల దాకా తడిసింది, పిచ్చిదానిలా నవ్వుతున్నాను.

మొదట పడిన చేప దిగిపోయిన పెద్ద ఇంటికి రావాలి. పదకొండింటికి ఎర్రన్న భార్య మంచి కోనాం చేపని పళ్లెంలో తెచ్చింది. దానయ్య భార్య పులుసు పెట్టింది. వండిన ఇంట్లోనే, పాత పెద్ద పక్కన కూర్చుని కొత్త పెద్ద తినాలి. ఇద్దరూ కలిసి తిన్నారు, వల చిరుగుల గురించి మాట్లాడుకుంటూ. ఆ పులుసు రుచి గురించి రాయడానికి నాకు అర్హత లేదు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే దానయ్యని అడిగేశాను. "మీకు బాధగా లేదా?"

"బాద నేకేటి పంతులమ్మా? ఉంది. బాదుందని పడవ బరువు తగ్గుద్దేటి? మోసీవోడికి తోసీవోడు గావాల." తడి చేయి తుండుకి తుడుచుకుని, నా బ్యాగు అందుకున్నాడు. "టెక్కలి బస్సు మూడింటికి. నాను ఎక్కించి వత్తాను."

అరుగు మీద చేపలు శుభ్రం చేస్తున్న నరసమ్మగారి చేతులు ఆగిపోయాయి. "నానూ వత్తాను," అన్నారు, చేతులు సరిగ్గా కడుక్కోకుండానే లేచి.

నూకరాజు ఒడ్డున వలల పనిలో ఉండిపోయాడు. రోడ్డు దాకా ముగ్గురం నడిచాం. జీడిచెట్టు నీడలో నిలబడినంతసేపూ ఆవిడ తన అన్న తుండు కొస పట్టుకునే ఉన్నారు, చిన్నపిల్ల పట్టుకున్నట్టు. ఆయనకి తెలుసు, తెలియనట్టే ఉన్నాడు. బస్సొచ్చింది. నేనెక్కాను. దానయ్య నా బ్యాగు ఎత్తి, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు. తుండు బిగిసింది.

"బేగు ఇవ్వనీవే," అన్నాడు వెనక్కి తిరగకుండానే. బ్యాగు నా చేతికిచ్చాడు. కండక్టర్ "ఎక్కుతారా దిగుతారా?" అని విసుక్కున్నాడు.

"దిగుతాను బాబూ. మాది ఈ ఊరే," అని కాలు వెనక్కి తీసుకున్నాడు.

టెక్కలిలో టీ తాగి, నౌపడాలో సాయంత్రం రైలందుకున్నాను. కిటికీ బయట ఉప్పుమళ్లు ఎర్రటి ఎండలో తళతళలాడుతున్నాయి. ఒళ్లో నరసమ్మగారు కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం ఉంది. రైలుపెట్టెలో అందరికీ దాని వాసన తెలుస్తూనే ఉంది, పాపం ఎవరూ ఏమీ అనలేదు. నేను ఫ్రాన్సు వరుస మళ్లీ నెమరేసుకున్నాను. ఆ వరుసలో పేరు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరి తల తెగింది, లేదా ఎవరో ఒకరు సముద్రం దాటి పారిపోయారు. వెళ్లిపోతూ, వచ్చేవాడికి భుజమిచ్చినవాడు ఒక్కడూ లేడు. అంత పెద్ద దేశం పడుతూ లేస్తూ నేర్చుకున్న దాన్ని ఈ చిన్న ఊరు ఇంకో దారిలో నేర్చుకుంది, ఒక తండ్రిని పోగొట్టుకుని.

కాలేజీ తెరిచాక ఆ పాఠం మళ్లీ చెప్పాలి. ఈసారి పేర్లు రాసేటప్పుడు పేరుకీ పేరుకీ మధ్య కాస్త ఖాళీ వదుల్తాను. ఇక్కడ ఏముంది మేడమ్ అని పిల్లలు అడిగితే, బస్సు వెనక అద్దంలోంచి నేను ఆఖరిసారి చూసింది చెబుతాను. అన్న ముందు, చెల్లెలు వెనక, ఊరివైపు నడుస్తున్నారు. తుండు కొస ఆవిడ ఇంకా వదల్లేదు.