పెద్దమ్మ ముందు వరసలో కూర్చున్న సాయంత్రం

వెలుగును మాటతో పిలిచి, దానికి చోటు చూపించిన దేవునికి స్తోత్రం. కన్నును చేసి, ఆ కన్ను ఓర్చుకోగలిగినంత వెలుగునే దానికిచ్చే తండ్రికి స్తోత్రం. నేను రాయబోయేది చిన్న సంగతే. అయినా ఆయన పేరు ముందు తలచుకోకుండా మొదలుపెట్టడం నాకు చేతకాదు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. నేను ధర్మవరంలో పుట్టి, పెళ్లయి పెనుకొండకు వచ్చినదాన్ని. రోజూ బస్సులో హిందూపురం పోయి అక్కడొక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. పెనుకొండలో మా సంఘం ప్రతి మంచి శుక్రవారం సాయంత్రం చర్చి లోపలే సిలువ నాటకం వేసేది. ఆ నాటకాన్ని కట్టింది, ఏటేటా పిల్లలకు నేర్పింది మా ముసలి బైబిలు స్త్రీ. ఊరూరా నడిచి వాక్యం చెప్పిన ఆమెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. ఆమెది మడకశిర పక్క పల్లె. తెలుగూ కన్నడమూ ఆమె నోట్లో ఒకే బాస.

ఆ ఏడు కంటి డాక్టరు పెద్దమ్మకు నీటికాసుల జబ్బని చెప్పారు. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదాంట్లో మిగిలిన చూపు కూడా ఎక్కువ కాలం నిలవదని, పోయింది తిరిగి రాదని అన్నారు. చర్చి మెట్ల మీద కూర్చుని ఆ సంగతి నాకు చెప్పి, పెద్దమ్మ ఒక్కటే అడిగింది.

"ఇన్నేండ్లూ తెర ఎనకాల నిలబడి మాటలు అందిస్తానే ఉంటి పాపా. నా నాటకం ముందరినుంచి ఎట్లుంటాదో నేను చూసిందే లేదు. కన్నుండంగానే ఒక్కసారి చూడల్ల."

అప్పటిదాకా మా నాటకానికి లైట్లంటే గోడకున్న ట్యూబులైట్లే. ఆమె చూడబోయేది బాగుండాలని నాకు పట్టుదల కలిగింది. ధర్మవరంలో మా నాయన స్నేహితుడొకాయన ఆర్కెస్ట్రాలకు, నాటకాలకు లైట్లు పెట్టేవాడు. మేం భాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన బెంగళూరు నుంచి ఒక యూఎస్‌బీ డబ్బీ కొనుక్కొచ్చి బీరువాలో పెట్టుకున్నాడు. దాన్ని కంప్యూటరుకు తగిలిస్తే, తెర మీద మీటలు జరిపి లైట్లను పెంచొచ్చు, తగ్గించొచ్చు.

"డబ్బీ ఉండాది, కంప్యూటర్ లేదమ్మా. పెండ్లికొడుకు లేకుండా గుర్రాన్ని తెచ్చి కట్టేసినట్లుండాది నా పని," అని నవ్వాడు.

"కంప్యూటర్ నేను తెస్తా, భాయ్. మా సెంటర్ సారు ఇస్తానన్నాడు."

"మా నాయన కాలంలో ఉప్పునీళ్ల కడవలో కరెంటు తీగ కట్టిన రేకు దించి లైటు పెంచేవోళ్లు. చెయ్యి జారితే నేరుగా పైకే. నీ దాంట్లో ఆ బాధ లేదు కదా?"

డబ్బీని హిందూపురం సెంటర్లో తగిలించి చూశాను. సీడీలో ఉన్న డ్రైవర్ ఎక్కించి, లైట్ల సాఫ్ట్‌వేర్ తెరిచి, డబ్బీ ఏ పోర్టులో ఉందో దానికి చూపించాను. మీట జరిపితే భాయ్ తెచ్చిన ఒక్క లైటు మెల్లగా, తెల్లవారినట్టు వెలిగింది. నేను కుర్చీలోంచి లేచి స్తోత్రం చెప్పాను. భాయ్ కూడా తన మాటలో అల్లాకు చెప్పుకున్నాడు.

గురువారం కంప్యూటరూ లైట్లూ అన్నీ మోసుకుని పెనుకొండ చేరాం. అక్కడ డబ్బీ పలకలేదు. సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు తెరిచినా పరికరం లేదనే చెప్పింది. నాటకం పిల్లలు వేషాలతో వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మ తెర పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. జవాబేమీ వినిపించలేదు గాని, మనసు కుదుటపడింది. అప్పుడు గుర్తొచ్చింది. హిందూపురంలో వైరును కంప్యూటర్ వెనక సందులో పెట్టాను, ఇక్కడ చేతికందిందని ముందు సందులో పెట్టాను. సందు మారితే ఆ కంప్యూటర్ దాన్ని కొత్త డబ్బీ అనుకుని కొత్త పోర్టు నంబరు ఇస్తుంది, సాఫ్ట్‌వేరేమో పాతదాన్నే వెతుక్కుంటుంది. వెనక్కి మార్చగానే లైట్లన్నీ మాట విన్నాయి. ఆ కుదురునిచ్చిన దేవునికి ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

నాటకం వరస నాకు పూర్తిగా తెలియదు. కాబట్టి శుక్రవారం పెద్దమ్మ నా పక్కనే, ముందు వరసలో కూర్చుని ఎప్పుడేం చెయ్యాలో చెప్పేటట్టు అనుకున్నాం. తెర వెనక మాటలు అందించడానికి బడి టీచరమ్మ ఒప్పుకుంది. రిహార్సల్ అలాగే నడిచింది. చివరి సీను, యేసు సిలువ మీద ఉండగా దేశమంతా చీకటి కమ్మే సీను మొదలయ్యేసరికి కరెంటు పోయింది.

"ఆ సీను కరెంటోళ్లే చేసిపెట్టినారు, ఇంగ పదండి," అన్నాడు భాయ్. అందరూ నవ్వుతూ ఇళ్లకు పోయారు. ఆ ఒక్క సీను మాత్రం చేసి చూడలేదు.

శుక్రవారం పొద్దు గూకాక నాటకం మొదలైంది. చర్చి నిండింది. యేసు పట్టుబడే గెత్సేమనే తోట సీనుకు నేనూ భాయ్ ఎంతో ముచ్చటపడి సన్నటి నీలం వెలుగు పెట్టాం. జనం నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. నేను పెద్దమ్మ వైపు వంగాను.

"కనపడ్తాందా పెద్దమ్మా?"

"కనపడ్తాండాదిలే."

రోంతసేపటికి ఆమె నా చెవిలో అడిగింది, "ఇప్పుడొచ్చినోళ్లు ఎవురు పాపా?"

వచ్చింది యేసును పట్టిచ్చే యూదా. అతను ఎన్ని అడుగులు వెయ్యాలో నేర్పిందే ఆమె. మేము అందంగా ఉందనుకున్న ఆ నీలం, పెద్దమ్మ కంటికి చీకటే. ఆమె కోసమే తెచ్చిన లైట్లు ఆమెకే అడ్డమయ్యాయి. మీట మీద నా వేలు కదలడం చూసి భాయ్ తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారిగా పెంచితే సీను చెడుతుంది. పెద్దమ్మ మెడ ముందుకు చాచి, చెవితోనే తన నాటకం చూస్తోంది.

సిలువ నిలబెట్టారు. మరియ వేషం వేసిన పిల్ల వచ్చి దాని కింద కూలబడింది. పెద్దమ్మ నా మోచెయ్యి తట్టింది.

"దీపం పెద్దచెయ్ పాపా."

హమ్మయ్య, నోరు తెరిచి అడిగింది అనుకున్నాను. అన్నిటినీ ఒకేసారి నడిపే పెద్ద మీటను పట్టుకుని పైకంటా తోసేశాను.

చర్చంతా భగ్గున వెలిగింది. సిలువ కొయ్య మీది పగుళ్లు కూడా కనిపించాయి. పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అయ్యో, ఏం జేస్తివే! ఆర్పమంటి కదా!"

"పెద్దచెయ్ అంటివి కదా పెద్దమ్మా!"

ఆమె ముఖం వేదిక వైపు తిరిగింది. ఆ ఉన్న ఒక్క కన్ను ఆర్పకుండా చూసింది.

"ఆ పిల్ల ఏడుస్తాండాది," అంది మెల్లగా. "నిజంగా ఏడుస్తాండాది పాపా. నేను ఏడుపు నేర్పియ్యనేలేదే."

"దించేదా పెద్దమ్మా?"

"ఉండు. రోంతసేపు ఉండనీ."

ఎంతసేపు ఉంచానో నాకు తెలియదు. ఆమె ఒక్కొక్కరి మీదుగా చూపు జరుపుకుంటూ పోయింది. సైనికులు, స్త్రీలు, పై చివర తలవాల్చిన యేసు వేషగాడు, మళ్లీ ఆ పిల్ల. అంతా చూశాక, "ఇంగ ఆర్పు," అంది. మీటను మెల్లగా కిందికి లాగాను. చీకటి వచ్చింది. ఆ చీకటిలో ఎవరో ప్రార్థన ఎత్తుకున్నారు.

అయిపోయాక సంఘ పెద్ద ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. "ఏమమ్మా, వాక్యంలో చీకటి కమ్మె అనుంటే మీరు పెండ్లి పందిరి మాదిరి వెలిగిస్తిరే?"

నేను తలవంచుకున్నాను. పెద్దమ్మ నవ్వింది.

"తప్పు ఆ పాపది కాదప్పా. మా పక్క దీపాన్ని ఆర్పు అనగూడదు, అశుభమని పెద్దచెయ్ అంటాం. ప్రభువును నమ్ముకున్నాక శకునాలన్నీ ఇడిసిపెడితి. ఈ మాటొక్కటి నాలికను ఇడిసిపెట్టలా. ధర్మవరం పిల్లకేం తెలుసు?"

"అయితే వాక్యం తప్పినట్లే కదా?"

"చీకటి యాడికి పోతాదప్పా? వచ్చె కదా, రోంత ఆలీసంగా. నేను చూసేదాక దేవుడు ఆపినాడు."

ఆయన నవ్వేశాడు. వైర్లు చుడుతున్న భాయ్ కూడా నవ్వాడు.

తర్వాతి ఏటికి పెద్దమ్మకు పగలూ రాత్రీ ఒకటైంది. అయినా తెర వెనక తన చోటుకు తిరిగొచ్చింది, మాటలందించడానికి చూపు అక్కరలేదంటూ. పిల్లలకు నేర్పేటప్పుడు మాత్రం కొత్తగా ఒకటి చెప్పేది, ఆ పిల్ల చేతులెట్లా పెట్టుకుని ఏడ్చిందో, తల ఎంత వంచిందో, చూసిన మనిషి చెప్పినట్టు చెప్పేది. ఇప్పుడామె ప్రభువు దగ్గరుంది. అక్కడ అన్నీ ముందు వరసలోంచే చూస్తూ ఉంటుందని నా నమ్మకం.

చదువుతున్న మీరు ఏ దేవుని బిడ్డలైనా సరే, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. చూపు తగ్గిపోతున్న ప్రతి ఒక్కరికీ, వాళ్లు ప్రేమించినదాన్ని చూసుకునేంత వ్యవధి ఇమ్మని అడుగుదాం. మన పొరపాట్లను కూడా తన పనికి వాడుకొమ్మని అడుగుదాం. నేను మొదలుపెడుతున్నాను, మీరూ నాతో అనండి: తండ్రీ...