మస్తాన్‌బీ గోడ మీద గరిటె మామ

మూడేళ్ల కిందటి ఎండాకాలం. ఆత్మకూరులో బోర్డులు రాసే పని అప్పటికే ఫ్లెక్సీల పాలైపోయింది. ముప్పై ఏళ్లుగా బ్రష్ పట్టిన నాకు మిగిలినవి లారీల వెనక అక్షరాలు, బడి గోడలు, అప్పుడప్పుడు కంపెనీల వాల్ పెయింటింగ్. అంటే రోడ్డు పక్క గోడకు కంపెనీ రంగు కొట్టి, దాని మీద వాళ్ల పేరు, వాళ్ల బొమ్మ వేయడం. ఆ ఏడు ఒక సిమెంటు కంపెనీ ఏజెంటు సంగం నుంచి ఉదయగిరి దాకా గోడలన్నీ నాకే అప్పగించాడు. అంత పని దొరికి చాలా కాలమైంది.

ఉదయగిరిలో మొదటి గోడ బస్టాండు దగ్గర ఒక కొయ్య గరిటెల అంగడిది. నిచ్చెన ఆనించబోయి ఆగిపోయాను. గోడ మీద నిలువెత్తు గరిటె. దానికి తలపాగా, మెలితిప్పిన మీసాలు, దండం పెడుతున్న చేతులు. ఎప్పుడో ఎనామిల్‌తో, అంటే నూనె రంగుతో వేసిన బొమ్మ. తలపాగా ఎరుపు వెలిసిపోయింది గానీ కళ్లు మాత్రం నేను ఎటు జరిగితే అటే చూస్తున్నాయి. అలాంటి కళ్లు నాకు పదిసార్లు వేస్తే ఒకసారి కుదురుతాయి. వేసినవాడి సంతకం కోసం వెతికాను. లేదు.

లోపలి నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో సగం చెక్కిన గరిటె. అంగడి ఆమెదే. పేరు మస్తాన్‌బీ.

"ఏందన్నా, ఏం చేస్తుండావు?"

"సిమెంటు కంపెనీ బొమ్మ వేయాలమ్మా. గోడ ఓనరు ఒప్పుకొని సంతకం పెట్టినాడు."

"మాలకొండయ్య మామ గోడకు పెట్టినాడు. బొమ్మ నాది. దుత్తలూరు కాడి నుంచి వచ్చే ఆడోళ్లు గరిటె మామ అంగడి యాడని అడుక్కుంటా వస్తారు. దీన్ని పూసేస్తే నా అంగడి యాడుండాదని చెప్పుకునేది?"

"లోపలి గోడ మీద ఇదే బొమ్మ వేసిస్తానమ్మా."

"బస్సు దిగినోళ్లకు లోపలి గోడ కనపడతాదా?"

ఏజెంటుకు ఫోన్ చేశాను. "ఆమె అద్దెకున్న మనిషి, ఆమెతో నీకేం పని? పూసెయ్. లేదంటే మిగతా గోడలు కూడా ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడు. ఆ పని పోతే మళ్లీ లారీల వెనక అక్షరాలే. ప్రైమర్, అంటే మొదట కొట్టే తెల్ల పూత, కలిపి నిచ్చెనెక్కాను. ఆ కళ్లు నన్నే చూస్తున్నాయి. దిగేశాను.

ఏజెంటు చెప్పినట్టున్నాడు, కాసేపటికే గోడ ఓనరు మాలకొండయ్య వచ్చాడు.

"ఏందమ్మే ఈ రభస? నా గోడ, నా ఇష్టం. నువ్వు పుయ్యవయ్యా."

"నా వల్ల కాదు పెద్దాయనా."

ఆయనకు కోపం ఆగలేదు. నా చేతిలో బ్రష్ లాక్కుని తానే పూయడం మొదలుపెట్టాడు. మీసం పోయింది, ఒక కన్ను పోయింది. మస్తాన్‌బీ పాత గుడ్డను నీళ్ల బకెట్లో ముంచి తెచ్చి ఒక్క తుడుపు తుడిచింది. కన్ను మళ్లీ తేలింది. ఆయన మళ్లీ పూశాడు. ఆమె మళ్లీ తుడిచింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా చుట్టూ చేరారు.

"ఎంతసేపు తుడుస్తావ్?"

"నువ్వు పూసినంతసేపూ తుడుస్తా మామా."

మూడోసారి ప్రైమర్ ఆయన చొక్కా మీదికే కారింది. నా వైపు తిరిగాడు. "ఏందయ్యా, ఇది అంటుకోదా?"

ఉప్పు కాగితంతో రుద్ది పూస్తే బ్రహ్మాండంగా అంటుకుంటుంది. ఆ సంగతి ఏ పెయింటరైనా చెప్తాడు. ఉప్పు కాగితం నా జేబులోనే ఉంది.

"పాత ఎనామిల్ మీద అంటుకోదు పెద్దాయనా" అన్నాను.

ఆయన బ్రష్ విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఏజెంటు గోడలన్నీ నా నుంచి తీసేసుకున్నాడు.

"నా మూలాన నీ పని పోయిందన్నా" అంది మస్తాన్‌బీ.

"పోతే పోయిందిలేమ్మా."

మర్నాడు మళ్లీ ఉదయగిరి బస్సెక్కాను. తలపాగాకు కొత్త ఎరుపు, మీసాలకు కొత్త నలుపు వేశాను. కళ్లను మాత్రం ముట్టుకోలేదు. కింద అంగడి ఓనరుగా ఆమె భర్త పేరుంది. దాన్ని దిద్దబోతే ఆపింది.

"ఆయన పోయి ఏడేళ్లాయె. ఉన్నప్పుడు గూడా గరిటెలు చెక్కింది నేనే. ఈసారి నా పేరు రాయన్నా. రోడ్డు అవతలికి కనపడాల."

గరిటె పొడవునా రాశాను.

మాలకొండయ్య రెండు నెలల పాటు ఖాళీ చేయిస్తానని బెదిరించాడు. ఆమె కదల్లేదు. ఇప్పటికీ అక్కడే గరిటెలు చెక్కుతోంది.

అంతకుముందు ఎన్ని పాత బొమ్మల మీద తెల్ల పూత కొట్టానో నాకే గుర్తులేదు. ఓనరు సంతకం ఉంటే చాలనుకునేవాణ్ణి. ఇప్పుడు గోడ మీద పాత బొమ్మ కనిపిస్తే ముందు అంగట్లోకి వెళ్లి అడుగుతాను. వద్దంటే నిచ్చెన భుజానేసుకుని వచ్చేస్తాను. ఈ వయసులో ఇంత పొగరేందని ఏజెంట్లు అంటున్నారట. అననీ. గీత, రంగు, అక్షరం మా గురువు నేర్పాడు. చెయ్యను అని చెప్పడం మాత్రం మస్తాన్‌బీ దగ్గర నేర్చుకున్నాను.