వాపసు ఇవ్వనక్కర్లేని చెయ్యి

ఈ వ్యవహారంలో మొదటి తెలివితక్కువ పని నాది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. 1994లో నన్ను భిలాయిలో ఒక కర్మాగారపు ఆసుపత్రికి, కృత్రిమ అవయవాల విభాగంలో సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. చేతులు తయారుచేసేవాణ్ణే గాని చెయ్యి తిరిగిన రచయితను కాను. అయినా తెలుగు సంఘం సంచికకి ఒక కథ రాశాను.

వందేళ్ల తరవాతి కథ. ప్రమాదంలో చెయ్యి పోయిన కార్మికుడికి కంపెనీ తన ప్రయోగశాలలో కండా నరమూ పెంచి కొత్త చెయ్యి అతికిస్తుంది. ఆ చెయ్యి ప్రమాదాన్ని మరిచిపోదు. క్రేన్ గంట వినపడితే దానంతటదే పిడికిలి బిగిస్తుంది. పైగా అది కంపెనీ ఆస్తి. రిటైరైన రోజున విప్పి స్టోర్స్‌లో అప్పజెప్పాలి.

పిడికిలి సంగతి నా ఊహ కాదు. క్యాంప్ 2 బస్తీలో ఉండే అప్పలనాయుడు, క్రేన్ కొక్కేనికి బరువులు తగిలించే పనివాడు, కొలతలు ఇస్తూ చెప్పినది. అతనికి కుడి చెయ్యి మోచేతి కింద పోయింది. లేని చెయ్యి ఇలా బాధపెట్టడం మా వృత్తిలో తెలిసిన విషయమే. నేను అతన్ని అడక్కుండా దాన్ని కథ చేశాను.

సంఘంలో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరసలో అప్పలనాయుడు కొట్టలేదు. కొట్టలేడనుకున్నాను గాని, కొట్టదలచలేదని తట్టలేదు.

చెయ్యి తయారైంది, తొడిగించుకోవడానికి అతను రాలేదు. వారంలో మెడికల్ బోర్డు. చేత్తో పని చేసి చూపిస్తే టూల్ రూమ్‌లో తేలిక ఉద్యోగం, లేకపోతే ఇంటికే. ఇంటికి వెళ్లి అడిగితే ముందు భార్య నరసమ్మ అందుకుంది.

"ఏటి బాబూ, రాసిందీ మీరే, సేసిందీ మీరే. మావోడు దేన్ని నమ్మాల?"

అది ఉత్త కథేనన్నాను. అప్పలనాయుడు తల ఊపాడు. "హెల్మెట్ ఇచ్చారు, బోల్టులు తిప్పే పానాలు ఇచ్చారు, రిటైరయ్యేనాడు అన్నీ తిరిగిచ్చీమంటారు గదండి. ఒకసారి పోయిన సెయ్యే ఇంకా నొప్పెడతంది. ఇంకోసారి ఇవ్వలేనండి."

అదీ నిజమే. ఇచ్చిన ప్రతి వస్తువూ అప్పజెప్పి 'నో డ్యూస్' చీటీ తెచ్చుకుంటే తప్ప ఎవరూ గేటు దాటరు. చెయ్యి తిరిగి అడగరని రాతపూర్వకంగా కావాలన్నాడు.

స్టోర్స్ అధికారి తివారీగారి రిజిస్టర్లో రెండే గళ్లు: వాపసు చేయవలసినవి, వాడకంలో అరిగిపోయేవి. చెయ్యి మొదటి గడిలోదేనన్నారు. "హాథ్ కోయీ సాబున్ హై క్యా?" చెయ్యేమైనా సబ్బా అని నన్నే అడిగారు. మూడు రోజులు తిప్పాక, పైన తొడిగే రబ్బరు చర్మం అరుగుతుందని సర్జన్ సంతకంతో కాగితం పెడితే, చేతిని రెండో గడిలో, సబ్బుల కింద వరసలో రాశారు.

ఆ పద్దు నకలు అప్పలనాయుడు కూతురిచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "అయితే నా సెయ్యి సబ్బుతో సమానమన్నమాట" అని నవ్వి, మర్నాడే వచ్చాడు. బోర్డు ముందు బోల్టు బిగించి చూపించాడు. టూల్ రూమ్ దొరికింది. నేను క్షమించమంటే, "రాసేముందు అడగాల గదండి" అన్నాడు, అంతే. ఆ తరవాత కొలతలతో పాటు వచ్చిన మాటల్ని కొలతల పుస్తకం దాటనివ్వలేదు.

ఆ చలికాలం తివారీగారికి మెడ పట్టేసి, మెడపట్టీ కోసం నా దగ్గరికే వచ్చారు. చక్కగా బిగించి మా విభాగం రిజిస్టరు ముందు పెట్టాను. తల దించలేరు కాబట్టి సంతకం ఎక్కడ పెట్టాలో నేనే వేలితో చూపించి, పైన రాసింది కూడా నేనే చదివి వినిపించాను: రిటైరైన రోజున ఉతికి, ఇస్త్రీ చేసి వాపసు చేయవలెను.